హ్యూ థాంప్సన్ పారేసిన పతకం

ఏటా మే నెల చివరి సోమవారం అమెరికాలో మెమోరియల్ డే. యుద్ధాల్లో చనిపోయిన సైనికుల సమాధుల మీద చిన్న చిన్న జెండాలు పెడతారు, వాళ్ల సాహసాలు చెప్పుకుంటారు. చాలావరకు శత్రువును ఎదిరించిన కథలే వినిపిస్తాయి. సొంత సైన్యానికే అడ్డం నిలబడిన ఒక పైలట్ కథను ఆ దేశం ఉన్నదున్నట్టు ఒప్పుకోవడానికి ముప్పై ఏళ్లు పట్టింది. అంతకుముందు అతన్ని పట్టించుకోలేదా అంటే, పట్టించుకుంది. అబద్ధం రాసి మరీ పతకం ఇచ్చింది. మరిచిపోవడం కన్నా అదే ఘోరం అంటాను నేను.

1968 మార్చి 16. వియత్నాంలోని మై లై. శత్రుదళం ఉందన్న సమాచారంతో చార్లీ కంపెనీ అనే అమెరికన్ సైనిక దళం పొద్దున్నే ఊళ్లోకి దిగింది. అక్కడ ఉన్నది ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. సైనికులు వాళ్లనే కాల్చి చంపడం మొదలుపెట్టారు. పైన చిన్న పరిశీలక హెలికాప్టర్ నడుపుతున్న హ్యూ థాంప్సన్‌కు అప్పుడు 24 ఏళ్లు. గాయపడిన ఊరివాళ్లు కనిపించిన చోట, వైద్యసాయం అందుతుందన్న ఆశతో పచ్చరంగు పొగ వదిలి గుర్తు పెట్టాడు. కాసేపాగి మళ్లీ వచ్చి చూస్తే వాళ్లు ప్రాణాలతో లేరు. ఊరి పక్క కాలువ నిండా శవాలు. కిందికి దిగి, అక్కడ సైనికులను నడిపిస్తున్న లెఫ్టినెంట్ విలియం కాలీని నిలదీశాడు, లాభం లేకపోయింది.

మళ్లీ పైకి లేచాక, ఒక బంకర్‌లో దాక్కున్న పదిమంది దాకా జనం, వాళ్ల వైపు నడుస్తున్న అమెరికన్ సైనికులు కనిపించారు. థాంప్సన్ సరిగ్గా ఇద్దరి మధ్యలో హెలికాప్టర్ దించాడు. తను వాళ్లను బయటికి తెచ్చేటప్పుడు మనవాళ్లు కాల్పులు మొదలుపెడితే తిరిగి మనవాళ్లనే కాల్చమని తన సిబ్బందికి చెప్పాడు. ఆ సిబ్బంది ఇద్దరే: గ్లెన్ ఆండ్రియోటా, లారెన్స్ కోల్‌బర్న్. కోల్‌బర్న్‌కు 18 ఏళ్లు. ఆ వయసులో ఆ మాట వినడం ఎంత టెన్షనో ఊహించండి. అదృష్టవశాత్తు తూటా పేలలేదు. వేరే హెలికాప్టర్లను పిలిపించి ఆ జనాన్ని తరలించారు. తర్వాత ఆండ్రియోటా శవాల కాలువలోకి దిగి, బతికున్న ఒక పిల్లాణ్ని పైకి తీశాడు. బేస్‌కు వెళ్లగానే థాంప్సన్ చూసిందంతా పై అధికారులకు చెప్పాడు. ఆ తర్వాతే కాల్పులు ఆపమని ఆదేశం వెళ్లింది. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. వియత్నాం లెక్క ప్రకారం చనిపోయినవాళ్లు 504 మంది.

సైన్యం విషయం కప్పిపెట్టింది. థాంప్సన్‌కు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ ఇచ్చింది. హోరాహోరీ ఎదురుకాల్పుల్లో చిక్కుకున్న పిల్లాణ్ని కాపాడాడని ప్రశంసాపత్రంలో రాశారు. ఎదురు నుంచి కాల్చిన శత్రువంటూ ఎవరూ లేరు కదా! ఆయన సాహసాన్ని పొగుడుతూనే, దేని మీద ఆ సాహసం చూపాడో దాన్ని చెరిపేశారు. థాంప్సన్ ఆ పతకాన్ని విసిరేశాడు. నా దృష్టిలో హెలికాప్టర్ దించడం ఎంత సాహసమో ఇదీ అంతే.

1969లో ఊచకోత బయటపడ్డాక ఆయన విచారణల్లో సాక్ష్యం చెప్పాడు. దానికి దొరికింది సన్మానం కాదు. చంపుతామని బెదిరింపులు వచ్చాయి, ఇంటి గుమ్మంలో చచ్చిన జంతువులు పడేశారు. శిక్షించాల్సింది థాంప్సన్‌నే అని ప్రతినిధుల సభ సాయుధ దళాల కమిటీ ఛైర్మన్ మెండెల్ రివర్స్ వాదించాడు. చివరికి దోషిగా తేలింది కాలీ ఒక్కడే. జీవిత ఖైదు అన్నారు, నాలుగేళ్లు కూడా నిండకుండా బయటపడ్డాడు. అదీ ఎక్కువభాగం గృహనిర్బంధమే.

1998 మార్చిలో ముగ్గురికీ సోల్జర్స్ మెడల్ ఇచ్చారు. శత్రువుతో పోరాటంలో కాకుండా చూపిన ధైర్యానికి ఇచ్చే పతకం అది. ఈసారి పతకమైనా నిజం చెప్పింది. చడీచప్పుడు లేకుండా కానిచ్చేద్దామని సైన్యం చూస్తే, థాంప్సన్ ఒప్పుకోలేదు. వాషింగ్టన్‌లోని వియత్నాం స్మారకం దగ్గర, అందరి ముందూ ఇవ్వాలన్నాడు, తన సిబ్బందికీ ఇవ్వాలన్నాడు. ఆండ్రియోటా అప్పటికి లేడు. మై లై జరిగిన మూడు వారాలకే యుద్ధంలో చనిపోయాడు. ఆ స్మారకం గోడ మీద ఆయన పేరు ఉంది.

వీరులను తలుచుకునే రోజున సైన్యానికి మచ్చ తెచ్చే కథ ఎందుకని అడిగేవాళ్లున్నారు. మై లై ప్రస్తావన తీసేస్తే థాంప్సన్ ఏం చేసినట్టు? ఒక హెలికాప్టర్ దించినట్టు, అంతే. 2006లో చనిపోయేలోపు ఆయన సైనిక అకాడమీలకు వెళ్లి కాబోయే అధికారులకు ఆ రోజు గురించి చెప్పాడు. ఆ యువకులకు ఆ ఉదయం ఎంత తెలియాలో, ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆయన ఏం అనుభవించాడో కూడా అంతే తెలియాలి. రేపు ఎవరైనా తప్పుడు ఆదేశం ఇస్తే, ఎదురు చెప్పినందుకు ఎంత మూల్యం చెల్లించాలో వాళ్లకు ముందే తెలిసి ఉండాలి.