రాయి తీసినట్టు వంగే విద్య

పొద్దున్నే అయిదున్నరకి పాల ప్యాకెట్ కోసం బయల్దేరాను. సందు మలుపులో నాలుగు కుక్కలు. నాలుగింటికీ నా మీద ఒకటే అభిప్రాయం ఉన్నట్టుంది, గుర్రుమంటూ దగ్గరికొచ్చాయి. నా బరువు 58 కిలోలు, ఎడమ మోకాలు పేరుకే ఉంది. లెక్క ప్రకారం ఆ పూట నేను వాటికి టిఫిను కావాలి. నేను చేసిందల్లా ఒక్కటే. రాయి తీస్తున్నట్టు వంగాను. అది సీసీ రోడ్డు. రాయి మాట దేవుడెరుగు, గులకరాయి ముక్క కూడా లేదు. అయినా నాలుగూ తోక ముడుచుకుని ఆగివున్న ఆటో వెనక్కి పోయాయి.

ఇంటికొచ్చి కాఫీ తాగుతుంటే బోధపడింది. మానవజాతి ఆధిపత్యం మొత్తం ఆ వంగడంలోనే ఉంది. పండితులు దీనిమీద పేజీలకు పేజీలు రాస్తున్నారు. కుక్కనడిగితే ఒక్క ముక్కలో తేల్చేది.

ముందు మన ఆస్తిపాస్తులు చూద్దాం. పళ్ళున్నాయి, చేగోడీ కాస్త గట్టిగా వేగితే డాక్టరు దగ్గరికి పరుగు. గోళ్ళున్నాయి, కొత్త స్టీలు గిన్నె మీది స్టిక్కరు గీకడానికే చాలవు. చింపాంజీ మనకన్నా పొట్టిదైనా, బరువుకి బరువు చూస్తే దాని కండలో సత్తువ మనకన్నా ఎక్కువ. పరుగంటారా, మనలోకెల్లా వేగంగా పరిగెత్తిన ఉసేన్ బోల్ట్ గంటకి 44 కిలోమీటర్ల వేగం దాటి కాస్త ముందుకెళ్ళాడు. బెదిరిన కుందేలు ఆయనకి దొరకదు. దూడ పుట్టిన గంటా రెండు గంటల్లో లేచి పొదుగు వెతుక్కుంటుంది. మనవాడు నిలబడడానికి ఏడాది. సొంత కాళ్ళ మీద నిలబడడానికి ఇంకో పాతికేళ్ళు, అదీ ఈఎంఐ నాన్న కడుతుంటే.

ఇలాంటి సరుకు అడవిలో ఎలా బతికిందంటే, చాలాకాలం సరిగ్గా బతకలేదు. 1924లో దక్షిణాఫ్రికాలో టాంగ్ అనే చోట సున్నపురాయి గనిలో ఒక పసిపిల్ల పుర్రె బయటపడింది. మన పూర్వీకుల తరహా జాతి అది. దాన్ని పరిశీలించిన రేమండ్ డార్ట్ తర్వాత తర్వాత ఒక గొప్ప సంగతి ప్రకటించాడు. మన పూర్వీకులు ఎముకలూ కొమ్ములూ ఆయుధాలుగా పట్టుకుని తిరిగిన హంతకులట. విన్నవాళ్ళకి ఎక్కడో ఛాతీ ఉప్పొంగింది. హంతకుడైతేనేం, తాతయ్య గట్టివాడు!

ఆ తర్వాత బ్రెయిన్ అనే ఆయన వచ్చాడు. నిజంగానే ఆయన ఇంటిపేరు అదే. ఆ దేశంలోనే స్వార్ట్‌క్రాన్స్ గుహలో దొరికిన ఇంకో పిల్ల పుర్రెకి వెనక రెండు చిల్లులున్నాయి. ఆయుధంతో పొడిచిన గుర్తులనుకున్నారు. ఈయన చిరుతపులి దవడ తెచ్చి కోరలు ఆ చిల్లుల్లో పెట్టి చూశాడు. తాళంచెవి తాళంలో దూరినట్టు దూరాయి. టాంగ్ పసిపిల్లని కూడా ఏదో పెద్ద గద్ద ఎత్తుకుపోయిందని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు, కంటిగుంటల్లో గాట్లు అలాగే ఉన్నాయట. ఇన్నాళ్ళూ వీరుడి సమాధి అనుకుని దండం పెట్టినచోట తీరా చూస్తే ఎంగిలి విస్తరి.

నా ఉద్దేశంలో మన కోపానికి మూలం ఇదే. తిండిగా ఉన్నవాడు తినేవాడైతే వాడికి ఎప్పటికీ నిద్రపట్టదు. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడని ఊరికే అనలేదు మనవాళ్ళు. సింహం కడుపు నిండితే పడుకుంటుంది. మనం కడుపు నిండాకే మీటింగు పెడతాం.

మరి ఐశ్వర్యం ఎక్కడ దొరికిందంటే, భుజంలో. సుమారు 20 లక్షల ఏళ్ళ కిందటికి మన భుజం, నడుం కొత్తరకంగా కుదురుకున్నాయి. చెయ్యి వెనక్కి వంచితే ధనుస్సు లాగినట్టు బలం నిలవ ఉండి, వదిలితే ఒక్కసారిగా వస్తుంది. అంత కండగల చింపాంజీ గట్టిగా విసిరినా గంటకి 30 కిలోమీటర్ల వేగం. 2003 ప్రపంచకప్‌లో షోయబ్ అఖ్తర్ వేసిన బంతి 161.3. (బౌలింగు వేరు, విసరడం వేరని క్రికెట్ పెద్దలు కోప్పడొద్దు, భుజం ఒకటే.) ఆ బంతి పడింది దక్షిణాఫ్రికాలోనే. గద్దలు మన పిల్లల్ని ఎత్తుకుపోయిన దేశంలోనే లెక్క సరిచేశామన్నమాట.

విసరడంలో అసలు లాభం వేగం కాదండీ, దూరం. ఎదుటివాడి కోర మనకి అందదు, మన రాయి వాడికి అందుతుంది. జర్మనీలో షోనింగెన్ గనిలో గుర్రపుటెముకల మధ్య చెక్క ఈటెలు దొరికాయి, రెండు మూడు లక్షల ఏళ్ళనాటివి. అప్పటికే మనవాడు గుర్రం డెక్కకి అందనంత దూరంలో నిలబడడం నేర్చాడు. మా తాత జొన్నచేలో మంచెక్కి వడిసెల తిప్పితే గుయ్యిమని శబ్దం వచ్చేది, చిలకలు గుంపుగా లేచిపోయేవి. రాయి ఎక్కడ పడిందో ఆయన ఎప్పుడూ చూడలేదు. ఒకసారి పక్కచేను ఆసామి నీళ్ళకుండ పగిలింది. ఆయన వచ్చి అడిగితే తాత ఆకాశంకేసి చూపించాడు. ఇవాళ క్షిపణులు వేసిన ప్రభుత్వాలు ప్రకటనల్లో చూపించేది కూడా అటే.

దగ్గరికొస్తే మనం ఎంత మర్యాదస్థులమో! కిక్కిరిసిన బస్సులో కాలు తొక్కినా "పర్లేదన్నా" అంటాం. అదే మనిషి కారెక్కి అద్దం బిగించుకుంటే ముందున్నవాడి మూడు తరాల్ని తిడతాడు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో రాత్రి పదింటికి పార్కింగు మీద రాసుకునే మాటలు చదివితే తెల్లారేసరికి ఒకరిద్దరి అంత్యక్రియలు తప్పవనిపిస్తుంది. తెల్లారాక అదే ఇద్దరూ లిఫ్టులో భుజాలు రాసుకుంటూ, మారుతున్న అంతస్తుల అంకెల్ని భగవద్గీత చదివినట్టు చదువుతుంటారు.

దగ్గర్నుంచి కొట్టుకోలేదని కాదు. స్పెయిన్‌లో అటపుయెర్కా కొండల గుహలో 4,30,000 ఏళ్ళనాటి పుర్రె దొరికింది. నుదుటి మీద రెండు పగుళ్ళు, ఒకే వస్తువుతో రెండుసార్లు కొట్టినవి. ఒక దెబ్బ పొరపాటున తగలొచ్చు. రెండోది అభిప్రాయం.

ఇంతటి మొనగాళ్ళం కూడా రెండుచోట్ల ఓడిపోయాం. 1932లో పశ్చిమ ఆస్ట్రేలియాలో గోధుమచేలమీద పడ్డ ఈము పక్షుల మీదికి సైన్యాన్ని పంపారు. రెండు మెషిన్‌గన్లు, 10,000 తూటాలు. పక్షులు చిన్న చిన్న గుంపులుగా చెదిరి పరిగెత్తాయి. లారీకి గన్ను కట్టి తరిమితే ఆ కుదుపుకి గురి కుదరలేదు. చివరికి సైన్యమే ఇంటికి పోయింది. అదే ఈముని ఇక్కడ మన దేశంలో మనవాళ్ళు అప్పులు చేసి, కంచె వేసి, దాణా పెట్టి మేపారు. కొనేవాడు లేక, మేత ఖర్చు మీదపడి, చాలామంది రైతులు మునిగారు. ఆస్ట్రేలియాలో కనీసం అది పరిగెత్తాల్సొచ్చింది.

రెండోది దోమ. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. శత్రువు ఎవరో తెలిసి నూటపాతికేళ్ళు దాటింది. ఏం లాభం? దోమకి దూరం లేదు. తిన్నగా వచ్చి చెవి పక్కనే సంగీతం పాడుతుంది. రాయి వేయలేం, ఈటె వేయలేం, మన చెంప మనమే వాయించుకోవాలి.

ఇక కుక్కల సంగతి. నిన్న పొద్దున మళ్ళీ నాలుగూ వచ్చాయి, నేను మళ్ళీ వంగాను. మూడు పోయాయి. చెవి చిరిగిన ముసలిది మాత్రం కదల్లేదు. నా చేతికేసి చూసింది, రోడ్డుకేసి చూసింది, మళ్ళీ చేతికేసి చూసి అక్కడే కూర్చుని ఆవలించింది. నేను మోకాలు పట్టుకుని మెల్లగా లేచి, పాలు లేకుండానే ఇంటికొచ్చి, మూడో అంతస్తు బాల్కనీలో తలుపు వేసుకుని నిలబడి, ఫోన్ తీసి కుక్కల బెడద మీద మున్సిపాలిటీకి చాలా ఘాటుగా ఒక ఫిర్యాదు పెట్టాను.