జాకీ వేస్తే వంగిపోయే పైపుని రాక్ స్లైడర్ అని అమ్మకండి

ఈ మధ్య హైదరాబాద్‌లో ఏ యాక్సెసరీస్ షాపుకెళ్లినా ఇదే గోల. థార్‌కో జిమ్నీకో పక్కన రెండు నల్ల పైపులు తగిలించి "రాక్ స్లైడర్ సార్, ఆఫ్‌రోడ్ వాళ్లందరూ ఇదే వేయించుకుంటున్నారు" అని అంటగట్టేస్తున్నారు. కొనేవాళ్లు కూడా పౌడర్ కోటింగ్ మెరుపు చూసి, నాలుగు ఫొటోలు దిగి, పోస్ట్ పెట్టేసి ఖుషీ. స్లైడర్ అంటే రాళ్ల దారిలో తలుపుల కింది అంచుని కాపాడే గట్టి పైపు. అది స్లైడర్ కాదు బాబూ, ఎక్కడానికీ దిగడానికీ పనికొచ్చే ఫుట్‌స్టెప్. ఫుట్‌స్టెప్ అని చెప్పి అమ్ముకుంటే నాకేం అభ్యంతరం లేదు, మా అమ్మకి బండి ఎక్కాలంటే అదే కావాలి. రాయి మీద పడితే బండిని కాపాడుతుందని చెప్పి అమ్ముతున్నారు చూడండి, అక్కడ నాకు మండుతుంది.

తేడా తెలుసుకోవడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. "అన్నా, ఈ పైపు మధ్యలో జాకీ పెట్టి, ఆ వైపు రెండు చక్రాలూ నేల వదిలేదాకా బండి లేపు" అనండి చాలు. అసలైన స్లైడర్ అయితే లేపుతాడు. అసలైనది కాకపోతే పెయింట్ పోతుందంటాడు, ఓనర్ లేడంటాడు, రేపు రమ్మంటాడు. నేనిలా అడిగిన ఒక షాపులో కుర్రాడు నవ్వేసి "దాని మీద మీరు నిలబడండి సార్, బండినెందుకు నిలబెడతారు" అన్నాడు. ఆ షాపు మొత్తంలో నిజం చెప్పింది వాడొక్కడే.

జిమ్నీ, థార్, గూర్ఖా, వీటన్నిటికీ కింద విడిగా ల్యాడర్ ఛాసీ, అంటే నిచ్చెనలాంటి ఇనుప ఫ్రేమ్ ఉంటుంది, బాడీ దాని మీద రబ్బరు బుష్‌లతో కూర్చుంటుంది. బరువు మోసేది ఛాసీ. తలుపుల కింద కనిపించే అంచు మాత్రం ఉత్త రేకు. దానికి బండరాయి తగిలిందంటే లోపలికి నొక్కుకుపోతుంది, తలుపు సరిగ్గా మూసుకోదు, మూసుకుంటే తెరుచుకోదు, ఆ తర్వాత డెంటింగ్ వాడు ఆ ముక్క కోసి కొత్తది అతికించాల్సిందే. అందుకే స్లైడర్ కాళ్లు ఛాసీకే బిగించాలి, బాడీని ఎక్కడా తాకకూడదు. పైన వేలు దూరేంత సందు ఉండాలి, ఎందుకంటే గుంటల్లో బండి మెలితిరిగినప్పుడు బాడీ, ఛాసీ ఒకేలా కదలవు. ఇక షాపుల్లో దొరికే సరుకు చూస్తే రెండు మూడు పలచని పట్టీలు, వాటికి పలచని పైపు. మనిషి బరువుకి అది సరిపోతుంది. జిమ్నీ దగ్గర దగ్గర 1200 కిలోలు, అందులో సగం ఒక్కసారి ఆ పైపు మీద పడితే పైపు పైకి వంగి అదే రేకులోకి దిగుతుంది. డబ్బులిచ్చి మరీ తలుపు నొక్కించుకోవడం అంటే ఇదే.

క్రెటాకీ డస్టర్‌కీ స్లైడర్లు ఎక్కడ దొరుకుతాయని ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నవాళ్లకి కూడా చెప్పేస్తున్నా: మీ బండికి విడిగా ఛాసీయే లేదు, ఈ లెక్కలేవీ దానికి పనిచేయవు, వదిలేయండి.

"ఇండియాలో ఇవన్నీ ఎందుకు, షో కోసం కాకపోతే" అనేవాళ్లు ఇంకో రకం. నల్గొండ వైపు గుట్టల దగ్గరికి ఒకసారి పోయి చూడండి. మన దగ్గరున్నవి గ్రానైట్ బండలు, మట్టిగడ్డలు కావు. పైగా మనకి 2023లో వచ్చిన ఐదు తలుపుల జిమ్నీకి ఈ అవసరం మరీ ఎక్కువ. మూడు తలుపుల జిమ్నీ వీల్‌బేస్, అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, 2250 మిల్లీమీటర్లు, మనది 2590. వెనక సీటు కోసం మధ్యలో 340 మిల్లీమీటర్లు సాగదీశారు, దాంతో బ్రేక్‌ఓవర్ యాంగిల్, అంటే పొట్ట ఆనకుండా దాటగలిగే గట్టు వాలు, 28 డిగ్రీల నుంచి 24కి పడిపోయింది. అంటే గట్టు ఎక్కి ముందు చక్రాలు అవతలికి దిగే టైముకి బండి పొట్టే ముందుగా గట్టుకి ఆనుతుంది. గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు) 210 మిల్లీమీటర్లు అని మురిసిపోతే కుదరదు, రెండు చక్రాల మధ్య పొడుగు కూడా చూడాలి. జీప్ రాంగ్లర్ రూబికాన్‌కి రాక్ రెయిల్స్, అంటే ఇలాంటి రక్షణ పట్టీలు, కంపెనీ నుంచే వస్తాయి.

సరే, ఏది తీసుకోవాలి? రెడీమేడ్ కిట్ అయినా, ఆటోనగర్‌లో చేయించుకున్నా, మొదట అడగాల్సింది పైపు మందం. మన ఫ్యాబ్రికేషన్ షాపుల్లో ఎ క్లాస్, బి క్లాస్, సి క్లాస్ అంటారు కదా, ఒకటిన్నర అంగుళం పైపులో ఎ అంటే 2.9 మిల్లీమీటర్ల గోడ, బి అంటే 3.2, సి అంటే 4. నేను సి క్లాస్ వైపే. మీటరుకి నాలుగు కిలోల పైనే తూగుతుంది, కాళ్లూ ప్లేట్లూ కలిపితే జత నలభై కిలోలకి అటూ ఇటూ అవుతుంది, మైలేజీ పిచ్చి ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. పైపు ఛాసీ అడుగు కన్నా కిందికి వేలాడకూడదు, వేలాడితే క్లియరెన్స్ మీరే తినేసినట్టు. బయటివైపు కొంచెం పైకి లేచి ఉండాలి, బండి ఒరిగినప్పుడు ఆ వాలే తలుపుని రాయి నుంచి దూరంగా పెడుతుంది. వెనక చక్రం దగ్గర పైపు కాస్త బయటికి తిరిగి ఉంటే ఇంకా మంచిది, ఇరుకులో తిరుగుతున్నప్పుడు రాయికో చెట్టుకో అది ముందు ఆని వెనక భాగాన్ని పక్కకి నెడుతుంది.

రెండోది బోల్టులు. ఇక్కడ మనవాళ్ల పిసినారితనం చూస్తే ఏడుపొస్తుంది. వేలకు వేలు పోసి స్లైడర్ కొని, వీధి చివర హార్డ్‌వేర్ షాపులో పేరూ ఊరూ లేని బోల్టు తెచ్చి బిగిస్తారు. బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అచ్చు ఉండాలి. మొదటి అంకె ఎంత బలానికి తెగుతుందో చెబుతుంది, రెండోది అందులో ఎంత వంతుకి సాగడం మొదలవుతుందో చెబుతుంది. తల మీద ఏమీ లేకపోతే పక్కన పెట్టేయండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగితే గ్రేడ్ బోల్టులు, వాటికి తగ్గ నట్లు, మందపాటి వాషర్లు అన్నీ దొరుకుతాయి.

ఇక బిగించడం. ఛాసీకి ముందే ఉన్న రంధ్రాలు వాడుకునే బోల్ట్-ఆన్ రకం అయితే ఇంట్లోనే అయిపోతుంది, మెకానిక్ అక్కర్లేదు, సెలవు రోజు ఒక పూట, సాయానికి ఒక మనిషి చాలు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మొదలుపెట్టగానే అసోసియేషన్ అంకుల్ వచ్చి "ఇది గ్యారేజీ కాదమ్మా" అన్నారు, పది నిమిషాల తర్వాత ఆయనే టార్చ్ పట్టుకున్నారు. బండి కింద దూరేటప్పుడు జాకీని నమ్ముకోవద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే, ఈ ఒక్క విషయంలో వాదనలు వద్దు. ముందు ఛాసీ పక్కన బ్రేక్ పైపులు, పెట్రోలు పైపు, వైర్లు ఎటు పోతున్నాయో చూసుకోండి, స్లైడర్ కాలు వాటిని నొక్కకూడదు. రంధ్రాల్లో మట్టి గడ్డకట్టి ఉంటుంది, బ్రష్‌తో తీసేయండి. స్లైడర్‌ని ఫ్లోర్ జాకీ మీద చెక్క ముక్క పెట్టి పైకి తెస్తే చేతులు నొప్పెట్టవు. బోల్టులన్నీ ముందు చేత్తోనే ఎక్కించాలి, ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి పోతే చివరి రంధ్రం కలవదు, అప్పుడు సుత్తి తీస్తారు, అక్కడితో పని చెడుతుంది. అన్నీ ఎక్కాక సందు సమానంగా ఉందో లేదో చూసి, మధ్య నుంచి చివరలకి టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా) బిగించుకుంటూ రావాలి. ఎంత టార్కో కిట్ కాగితంలో ఉంటే అదే పాటించండి, కండబలం చూపించకండి. ఆ తర్వాత ఫస్ట్ ట్రిప్ అయ్యాక మళ్లీ రెంచ్ వేయండి, కొత్త పెయింట్ నొక్కుకుపోయి కొన్ని వదులవుతాయి.

వెల్డింగ్ చేయిస్తే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అంటారా? చేతనైనవాడు చేస్తే ఉంటుంది, కాదనను. కానీ రోడ్డు పక్క గేట్లు, గ్రిల్స్ అతికించే అన్న చేతిలో మీ ఛాసీ పెట్టకండి. వేడికి లోపలి పెయింట్ కాలిపోతుంది, అక్కడ తుప్పు పట్టినా మీకు కనపడదు, అతుకు పక్కనున్న ఇనుము బలం మారిపోతుంది. బ్యాటరీ వైర్ కూడా తీయకుండా వెల్డింగ్ మొదలుపెట్టేవాళ్లని నేను కళ్లారా చూశాను, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) ఏమైపోతుందో అన్న టెన్షన్ చూస్తున్న నాకే గానీ ఆ బండి ఓనర్‌కి లేదు, ఆయన చాయ్ తాగుతున్నాడు.

చట్టం సంగతి అడిగేవాళ్లకి: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించే. క్రాష్ గార్డులు, బుల్ బార్లు తీయించమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లో రాష్ట్రాలకి రాసింది కూడా. కాబట్టి ముందు బంపర్‌కి ఇనుప గేటు తగిలించే ఆలోచన మానుకోండి. స్లైడర్ విషయంలో నేను చేసింది ఇంతే: బండి వెడల్పు దాటకుండా చూసుకోవడం, ఛాసీకి కొత్త రంధ్రం వేయకపోవడం, ఇన్సూరెన్స్ వాళ్లకి మెయిల్ పెట్టడం. ఆపితే ఏమంటారో ఆ రోజు ఎదురుగా ఉన్న ఆఫీసర్‌ని బట్టి ఉంటుంది, దానికి నా దగ్గర గ్యారంటీ లేదు.

పెయింట్ గురించి ఎంత కొట్టుకుంటారో కొట్టుకోండి, నేను మామూలు మ్యాట్ బ్లాక్ స్ప్రే డబ్బా పార్టీ. పౌడర్ కోటింగ్ అందంగానే ఉంటుంది, కానీ రాయి గీసిన చోట నుంచి తేమ కిందికి పాకుతుంది, పొర పొరలుగా ఊడేదాకా కనపడదు. స్ప్రే అయితే గీత పడ్డ సాయంత్రమే సాండ్‌పేపర్ రుద్ది రెండు కోట్లు కొడితే అయిపోయింది, డబ్బా డిక్కీలోనే ఉంటుంది.

థార్ రాక్స్‌కి బోల్ట్-ఆన్ కిట్ ఎవరైనా ఇంట్లోనే బిగించి ఉంటే కింద నుంచి తీసిన ఫొటోలు కామెంట్లో పెట్టండి. పక్క నుంచి తీసినవి వద్దు, ఏ కాలు ఎక్కడ కూర్చుందో అందులో కనపడదు.