సైకియాట్రిస్టు ఆఖరి మెట్టు కాదండీ బాబూ

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో మొన్న రాత్రి ఒక మెసేజ్ పడింది. తెల్లారేసరికి అదే మా ఊరి గ్రూపులో, సాయంత్రానికి మా చెల్లెలి అపార్ట్‌మెంట్ గ్రూపులో. 'మనసు బాగోకపోతే ఎవరి దగ్గరికి వెళ్ళాలి' అని పైన హెడ్డింగు, కింద మెట్లు మెట్లుగా సలహాలు. ముందు కౌన్సెలింగ్ చేయించండి, దానికి డిగ్రీలతో పనిలేదు, ఓపిగ్గా వినే మనిషైతే చాలు. తగ్గకపోతే సైకాలజిస్టు. నిద్ర పట్టకపోయినా గుండె దడగా ఉన్నా నరాల డాక్టరు. అన్నీ అయిపోయి ఇక లాభం లేదనుకుంటేనే సైకియాట్రిస్టు, ఎందుకంటే వాళ్ళు నిద్రమాత్రలిచ్చి జీవితాంతం అలవాటు చేసేస్తారట. చివర్లో దణ్ణం బొమ్మలు, పదిమందికి పంపండి అని. పంపింది మా మావయ్యే. మంచి మనసుతోనే పంపాడు, అందుకని గ్రూపులో ఆయన పరువు తీయకుండా విడిగా రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. రాజోలు పక్కన ఉంటాను, మా పిన్నిని రెండేళ్ళపాటు అక్కర్లేని డాక్టర్లందరి చుట్టూ తిప్పిన ఘనత మా ఇంటిది.

'ముందు కౌన్సెలింగ్, తగ్గకపోతేనే డాక్టరు' అన్న ముక్క అన్నిటికన్నా ప్రమాదం, దాంతోనే మొదలుపెడతాను. కార్తీకమాసంలో మా వీధిలో ఒకాయన అయ్యప్ప మాల వేసుకున్నాడు. పదిహేనేళ్ళుగా రోజూ తాగే మనిషి, మాల పడ్డ రోజునుంచి చుక్క ముట్టలేదు, అందరం మెచ్చుకున్నాం. మూడో రాత్రి చేతులు వణుకు, ఒళ్ళంతా చెమట, గోడమీద పాములు పాకుతున్నాయని కేకలు, భార్యని పట్టుకుని నువ్వెవరివి అంటాడు. నియమం ఏదో తప్పాడన్నారు కొందరు, గాలి సోకిందన్నారు ఇంకొందరు, ఒకావిడ నిమ్మకాయలు కూడా తెచ్చేసింది. చదువుకున్న కుర్రాడొకడు మాత్రం మనసులో ఏదో బాధ ఉంది, కూర్చోబెట్టి మాట్లాడదాం అన్నాడు, అచ్చం ఈ మెసేజ్‌లో రాసినట్టే. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి ఇలా మతి చెదరవచ్చు, వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు. ఆస్పత్రిలో పెట్టి విటమిన్ బి1 ఇంజెక్షన్లు, వణుకూ ఫిట్సూ రాకుండా మందులు ఇచ్చి రోజుల తరబడి కనిపెట్టుకుని చూడాల్సిన పని అది. పక్కింటావిడ 108కి ఫోన్ చేసింది కాబట్టి ఆయన ఇవాళ కొబ్బరి దింపులకి వెళ్తున్నాడు. మాల వేసుకోవద్దని నేనట్లేదు, తాగుడు మానడం అంతకన్నా మంచిపని. రోజూ తాగే మనిషి మాత్రం మానేముందు ఒక్కసారి సైకియాట్రిస్టుకి చూపించుకుని మానాలి.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఎవరో తనని తిడుతున్నట్టు చెవిలో మాటలు వినపడేవాళ్ళు. వారంగా నిద్రపోకుండా, ఒంట్లో అలుపన్నదే లేకుండా, వంద ఎకరాల రొయ్యల చెరువులు లీజుకి తీసుకుంటానని అడ్వాన్సులు పంచిపెట్టేసే కుర్రాడు. కాన్పయిన పదిరోజులకే బిడ్డ నాది కాదు, మార్చేశారు అంటున్న బాలింత. చచ్చిపోవాలనుందని పైకి అనేసిన ఎవరైనా సరే. వీళ్ళందరికీ మొదటి మెట్టే సైకియాట్రిస్టు. కుదుటపడ్డాక కౌన్సెలింగు ఎంతైనా చేయించుకోవచ్చు.

ఇక నరాల డాక్టరు సంగతి. మా పిన్నికి ఉన్నట్టుండి గుండె దడ, ఊపిరాడనట్టు, కాళ్ళూ చేతులూ తిమ్మిర్లు, ఇక అయిపోయింది నా పని అన్నంత భయం, ఓ పావుగంటకి అదే తగ్గిపోయేది. మొదటిసారి గుండె డాక్టరు దగ్గరికి పరిగెత్తడంలో తప్పులేదు, ఎవరైనా అదే చేయాలి. ఆ తర్వాత ఆర్‌ఎంపీ సెలైను, గ్యాస్ అని ఎండోస్కోపీ, నరాల బలహీనత అని ఇంజెక్షన్లు, తలకి ఎమ్మారై. బట్టల షాపు కవరొకటి నిండిపోయింది, నాలుగు ఈసీజీలు, రెండు ఎకోలు, మీద పచ్చడి నూనె మరకలు, లోపల ప్రతి కాగితం మీదా నార్మల్, నార్మల్. చివరికి దిండి దాటి బస్సు చించినాడ వంతెన ఎక్కిందంటే చాలు, ఆపండి దిగిపోతానని లేచి నిలబడేది. అలా పాలకొల్లులో ఉన్న సొంత అక్క ఇంటికి వెళ్ళడమే మానేసింది.

న్యూరాలజిస్టు పక్షవాతం, ఫిట్స్, పార్కిన్సన్స్ లాంటివి చూస్తారు. పిన్నికి వచ్చినవి పానిక్ ఎటాక్‌లు, ఆ మాట భీమవరంలో ఒక సైకియాట్రిస్టు తేల్చేసరికి రెండేళ్ళయింది. మన వైపు బోర్డులు కూడా మనుషుల్ని తికమకపెడతాయి, 'న్యూరో సైకియాట్రిస్టు' అని ఉంటుంది, నరాల డాక్టరే అనుకుని వెళ్ళేవాళ్ళున్నారు, వెళ్ళనక్కర్లేదనుకునేవాళ్ళూ ఉన్నారు. పేరు కింద డిగ్రీ చదవండి. ఎంబీబీఎస్ తర్వాత ఎండీ సైకియాట్రీ, డీఎన్‌బీ సైకియాట్రీ, డీపీఎం ఉంటే సైకియాట్రిస్టు. డీఎం న్యూరాలజీ ఉంటే నరాల డాక్టరు.

నిద్రమాత్రలు అలవాటు చేస్తారు అన్నదాంట్లో కొంత నిజముంది, కాకపోతే నేరం ఒకళ్ళది, కేసు ఇంకొకళ్ళ మీద. అలవాటుపడే మాత్రలంటే ఆల్ప్రాజోలం, క్లోనాజెపామ్ లాంటివి. మా పిన్నికి ఆల్ప్రాజోలం అలవాటు చేసింది సైకియాట్రిస్టు కాదు, సగం బిళ్ళ వేసుకోమ్మా హాయిగా ఉంటుంది అన్న మెడికల్ షాపు. ఆ మందు హెచ్1 జాబితాలో ఉంది, చీటీ లేకుండా అమ్మకూడదు, ఎవరు రాశారో ఎవరికిచ్చారో షాపువాళ్ళు విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. సైకియాట్రిస్టు చేసిన మొదటి పని ఆ సగం బిళ్ళని నెమ్మదిగా తగ్గించుకుంటూ రావడం. బదులుగా పానిక్‌కీ డిప్రెషన్‌కీ కూడా వాడే ఎస్సిటలోప్రామ్ ఇచ్చారు, అది పనిచేయడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, వేసుకోగానే మత్తుగా ఏమీ ఉండదు. డిప్రెషన్ మొదటిసారి వచ్చినవాళ్ళకి, తగ్గాక సాధారణంగా ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించి, డాక్టరే మెల్లగా ఆపుతారు. మనంతట మనం టక్కున ఆపేస్తే తల తిరగడం, చిరాకు వస్తాయి, అది చూసి అదిగో అలవాటైపోయింది అంటారు. స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి జబ్బుల్లో కొందరు ఏళ్ళ తరబడి వాడాల్సి వస్తుంది, అది నేను దాచను.

డిగ్రీతో పనిలేదు అన్నదానికి ఎక్కువ రాయను. ఓపిగ్గా వినడానికి మా పిన్నికి మా బాబాయ్ ఉన్నాడు, ముప్ఫై ఏళ్ళుగా వింటూనే ఉన్నాడు. క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎంఫిల్ లాంటి గుర్తింపు ఉన్న కోర్సు చేసి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైనవాళ్ళు. ఆ కౌన్సిల్ రిజిస్టరులో వాళ్ళకి సీఆర్‌ఆర్ నంబరని ఒకటి ఉంటుంది, అడగండి, నిజంగా ఉన్నవాళ్ళు ఏమీ అనుకోరు. సైకాలజీలో పీహెచ్‌డీ చేసినవాళ్ళు కూడా పేరు ముందు డాక్టర్ అని పెట్టుకుంటారు, అందులో తప్పేం లేదు, కానీ మందులు రాయకూడదు. రాశారంటే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. చదువుల ఒత్తిడి, మొగుడూ పెళ్ళాల గొడవలు, పోయిన మనిషి గురించిన దిగులు, పిల్లాడికి అక్షరాలు తారుమారవడం, ఇలాంటివాటికి నేరుగా సైకాలజిస్టు దగ్గరికే వెళ్ళొచ్చు, మెసేజ్‌లో ఆ వరకూ సరే.

ఓపిగ్గా వినే మనిషి కావాలన్న విషయంలో కూడా మావయ్యతో నాకు పేచీ లేదు. మన సైకియాట్రిస్టుల ఓపీలో ఐదు నిమిషాలకి మించి మాట్లాడరు, మూడు గంటలు కూర్చుంటే. అందుకే వెళ్ళేముందు కాగితం మీద రాసుకోండి, ఎప్పుడు మొదలైంది, ఏ మందులు వాడారు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని. థైరాయిడ్ పరీక్ష చేయించి ఉంటే ఆ కాగితం పట్టుకెళ్ళండి, థైరాయిడ్ తేడా వల్ల కూడా దిగులూ దడా వస్తాయి. డబ్బు ఇబ్బందైతే కాకినాడ పెద్దాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.

పిన్నికి మందు కుదిరాక ఆ డాక్టరే ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆవిడ చేయించిన పనేమిటంటే, మొదటి వారం బాబాయ్ స్కూటర్ మీద వంతెన మొదట్లో దిగి భయం తగ్గేదాకా నిలబడటం, తర్వాతి వారం మధ్యదాకా నడవడం, ఆ తర్వాత బస్సులో కిటికీ పక్కన కూర్చోవడం. సంక్రాంతికి ఒక్కతే పాలకొల్లు వెళ్ళొచ్చింది. ఎవరడిగినా ఇప్పటికీ 'నరాల డాక్టరు దగ్గర చూపించుకుంటున్నా' అనే చెప్తుంది. చెప్పుకోనీండి, బిళ్ళ మాత్రం వేళకి వేసుకుంటోంది.