నలభైకి కెమెరా పట్టిన హమాలీ

ఆలస్యంగా మొదలుపెట్టి గెలిచినవాళ్ల కథలంటే మనకు మహా ఇష్టం. సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబెన్‌ను కూడా ఆ వరుసలో కూర్చోబెడుతుంటారు. 1923లో పుట్టాడు, మొదటి సినిమా 'బోరోం సారెట్' 1963లో వచ్చింది, అంటే నలభై ఏళ్లకు కెమెరా పట్టాడు. లెక్క సరిగ్గానే ఉంది. అయితే ఆ నలభై ఏళ్లూ ఖాళీగా పోయినట్టు, సినిమాతోనే అసలు జీవితం మొదలైనట్టు చెబితే కథలో ముఖ్యమైన ముక్క జారిపోతుంది. పశ్చిమాఫ్రికాలో సినిమావాళ్లకంటూ ఒక బలగం తయారైందంటే, దానికి ఆయన వాడిన పనితనం చాలావరకు సినిమాకు ముందు నేర్చుకున్నదే.

దక్షిణ సెనెగల్‌లోని జిగన్‌షోర్‌లో జాలరి కొడుకు. బడి నుంచి గెంటేశారు. తాపీపని, మెకానిక్ పని చేశాడు, రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో ఉన్నాడు. తర్వాత ఫ్రాన్స్ చేరి మార్సెయ్ రేవులో హమాలీ అయ్యాడు. అక్కడే బరువులు దించుతూ వెన్ను దెబ్బతీసుకున్నాడు. సీజీటీ కార్మిక సంఘంలో చేరి, చదువంతా సంఘం గ్రంథాలయాల్లోనే సాగించాడు. 1956లో మొదటి నవల, 1960లో డకార్-నైజర్ రైల్వే కార్మికుల 1947-48 సమ్మె మీద పెద్ద నవల. పేరొచ్చింది. కానీ ఎవరి గురించి రాశాడో వాళ్లలో ఫ్రెంచి చదవగలిగినవాళ్లు బహు తక్కువ. దాంతో మాస్కో వెళ్లి గోర్కీ స్టూడియోలో మార్క్ దోన్‌స్కోయ్ దగ్గర పని నేర్చుకుని సెనెగల్ రాజధాని డకార్ తిరిగొచ్చాడు. సినిమా అంటే జనానికి రాత్రిబడి అని చెప్పుకునేవాడు.

'బోరోం సారెట్' నిడివి ఇరవై నిమిషాలకు అటూఇటూ. డకార్‌లో గుర్రపు బండి తోలుకునేవాడి ఒక్క రోజు. మంచి బట్టలేసుకున్న ఒకతను ప్లాటో పేటకు తీసుకెళ్లమంటాడు. ధనవంతుల పేట అది, బళ్లకు ప్రవేశం లేదు. నాకు తెలిసినవాళ్లున్నారు, ఏం కాదు అంటాడతను. పోలీసు ఆపుతాడు. కాగితాలు తీయబోతే బండివాడి జేబులోంచి సైనిక పతకం కింద పడుతుంది, దాని మీద పోలీసు బూటు పడుతుంది. తెలిసినవాళ్లున్నవాడు మెల్లగా జారుకుంటాడు. బండి జప్తు, గుర్రంతో ఇంటిదారి. స్వతంత్రం వచ్చి మూడేళ్లే అయిన దేశంలో ఈ మాట ఇంత సూటిగా చెప్పడానికి పాతికేళ్ల సినిమా విద్యార్థికి చేయి తిరగదేమో. యుద్ధమూ రేవూ చూసిన కళ్లు కావాలి.

రేవులో సమ్మె చూసినవాడికి ఇంకొకటి కూడా తెలుస్తుంది. సరుకు ఎవరు తయారుచేశారన్నది ఒక సంగతి, రేవు ఎవరి చేతిలో ఉందన్నది ఇంకో సంగతి. ఆ రోజుల్లో ఫ్రెంచి మాట్లాడే పశ్చిమాఫ్రికాలో హాళ్లు, పంపిణీ దాదాపు మొత్తం కొమాసికో, సెక్మా అనే రెండు ఫ్రెంచి కంపెనీల గుప్పిట్లో ఉండేవి. అంతకుముందు వలసపాలకులు 1934లో లావాల్ ఉత్తర్వు తెచ్చి, అనుమతి లేకుండా ఆఫ్రికాలో సినిమా తీయడానికి వీల్లేకుండా చేశారు. స్వతంత్రం తర్వాత ఫ్రెంచి సహకార శాఖ ఆఫ్రికన్ల సినిమాలకు డబ్బిచ్చేది. చాలాసార్లు బదులుగా తీసుకునే హక్కులు మాత్రం సాంస్కృతిక కేంద్రాల్లో ఉచితంగా వేసుకోవడానికి పనికొచ్చేవే, టికెట్టు కొనే హాళ్లకు కాదు. ఆయన 'బ్లాక్ గర్ల్' స్క్రిప్టును ఆ శాఖ కాదంది. ఆయన తీశాడు, 1966లో జాన్ విగో బహుమతి వచ్చింది. థియేటర్ల లీజుల గొడవ ఎరిగిన తెలుగువాళ్లకు ఇందులో అర్థంకానిదేమీ ఉండదు.

అందుకే సెంబెన్ సినిమా తీసి ఊరుకోలేదు. 1969లో అప్పర్ వోల్టా, అంటే నేటి బుర్కినా ఫాసో, రాజధాని వాగడూగూలో మొదలైన సినిమా వారోత్సవం వెనకున్నవాళ్లలో ఆయనొకడు. అదే తర్వాత ఫెస్పాకో ఉత్సవమైంది. 1970లో ఆఫ్రికా దర్శకుల సమాఖ్య ఫెపాసీ ఏర్పడింది, దాన్ని నిలబెట్టినవాళ్లలోనూ ఉన్నాడు. అదే ఏడాది అప్పర్ వోల్టా తన హాళ్లను జాతీయం చేసింది. రెండు కంపెనీలూ సినిమాలు పంపడం ఆపేశాయి. సినిమావాళ్లు ఒక్క జట్టుగా ఉండటం ఎందుకో అప్పుడు బాగా తెలిసొచ్చింది.

మిగతాది ఊళ్లు తిరగడం. రీళ్లు, ప్రొజెక్టరు పట్టుకెళ్లి సినిమా వేసి, అయ్యాక జనంతో వాదానికి కూర్చునేవాడు. 1975లో 'హాలా' సినిమాను సెన్సారువాళ్లు కత్తిరిస్తే ఆయన కోర్టుకెక్కలేదు. ఏ ముక్కలు తీసేశారో కరపత్రం వేసి పంచాడు. కార్మిక సంఘంలో పనిచేసినవాడికే తట్టే ఉపాయం! తెర మీద లేనిది కాగితం మీద చదువుకున్నారు జనం.

ఇంత చెప్పి ఆయన్ను దేవుణ్ని చేస్తే అబద్ధమవుతుంది. మొండివాడు, పక్కవాడికి చోటివ్వడంలో పిసినారి. 1944 డిసెంబరులో డకార్ దగ్గర ఫ్రెంచి సైన్యం తన ఆఫ్రికన్ సైనికుల్నే కాల్చిచంపిన ఘటన మీద, 1988లో థియెర్నో ఫాటీ సోతో కలిసి 'కాంప్ ద థియారోయ్' తీశాడు. సెనెగల్, అల్జీరియా, ట్యునీషియా డబ్బు, యూరప్ పైసా లేదు, వెనిస్‌లో జ్యూరీ ప్రత్యేక బహుమతి. గొప్ప విషయమే. కానీ అదే ఘటన మీద రచయిత బూబకర్ బోరిస్ డియోప్, దర్శకుడు బెన్ డియోగయ్ బేయ్ కలిసి అంతకుముందే స్క్రిప్టు రాసుకున్నారు. వాళ్ల సినిమా రాలేదు, ఈయనది వచ్చింది. కుర్రవాళ్లకు ఆ చేదు చాలాకాలం మిగిలింది. ఆయన దగ్గర సహాయకుడిగా చేసిన క్లారెన్స్ డెల్గాడో లాంటివాళ్లు సొంతంగా సినిమా తీశారు, నిజమే. అయినా పని నేర్పే బడి ఒకటి డకార్‌లో పెట్టి పోయుంటే బాగుండేదనిపిస్తుంది. సంఘాలు హక్కులు తెచ్చిపెడతాయి, ఎడిటింగ్ నేర్పవు.

81 ఏళ్ల వయసులో బుర్కినా పల్లెలో 'మూలాడే' తీశాడు. ఆడపిల్లల జననాంగాలు కోసే ఆచారాన్ని ఒక ఇల్లాలు ఎదిరించే కథ. ఊరి మగవాళ్లు ఆడవాళ్ల రేడియోలన్నీ లాక్కొని మసీదు ముందు కుప్పపోస్తారు, ఆ కుప్పలోంచి రేడియోలు ఇంకా పాడుతూనే ఉంటాయి. 2004లో కాన్‌లో 'అన్ సర్టెన్ రిగార్డ్' బహుమతి దానికే. 2007లో పోయాడు.

అప్పటికే డకార్‌లో పాత హాళ్లు ఒక్కొక్కటిగా మూతపడి దుకాణాలయ్యాయి. ప్రభుత్వం పంపిణీకి పెట్టిన సంస్థ నిలబడలేదు. ఆయన వదిలేసిన పనిని ఇప్పుడు వేరేవాళ్లు ఎత్తుకుంటున్నారు. దర్శకుడు అలాన్ గోమిస్ డకార్‌లో యెన్నెంగా కేంద్రం పెట్టి, ఎడిటింగూ సౌండూ యూరప్ పోకుండా ఇక్కడే అయ్యేలా పిల్లలకు పని నేర్పిస్తున్నాడు. తీసేవాళ్లు తయారవుతున్నారు. వేసే చోటు సంగతే తేలలేదు. నగరంలో 2022లో తెరిచిన పెద్ద మల్టీప్లెక్స్ పాథేది, అదీ ఫ్రెంచి కంపెనీయే. సెనెగల్ జనం మాట్లాడే వోలోఫ్ భాషలో తీసిన సినిమాకు అక్కడ వారానికి ఎన్ని ఆటలివ్వాలో, ఏ పూట ఇవ్వాలో తేల్చేది మళ్లీ ఆ కంపెనీ మేనేజర్లే.