పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే రాజ్యాంగ సమస్య

ప్రజాస్వామ్యంలో నిజంగా పెద్ద ప్రశ్నలు కొన్నే ఉంటాయి. యుద్ధం ప్రకటించే అధికారం ఎవరిది, పన్ను వేసే అధికారం ఎవరిది, నోట్లు అచ్చేసే అధికారం ఎవరిది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం వీటికి ఇంకో ప్రశ్న జతచేసింది. ఇంటి ముందున్న గడ్డికి జూలైలో ఎరువు వేయొద్దని చెప్పే అధికారం ఎవరిది? ఊరిదా, రాష్ట్రానిదా? పదిహేనేళ్లకు పైగా అక్కడి కౌంటీలకూ (మన జిల్లాల్లాంటివి), రాష్ట్ర రాజధాని టలహాసీకీ మధ్య అక్షరాలా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది.

టాంపా దగ్గర ఒక ఇల్లూ, ఆ ఇంటి ముందు కాస్త గడ్డీ ఉన్న తెలుగువాడిగా నేను రాష్ట్రం పక్షం. నా వాదన సావధానంగా వినండి.

ముందు కౌంటీల ఆగడం ఏమిటో చూద్దాం. ఫ్లోరిడాలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మధ్యాహ్నమైతే చాలు, ఉరుములతో వాన దంచుతుంది. నేల చూస్తే చాలాచోట్ల ఇసుక. గడ్డికని చల్లిన నత్రజనిలో కొంత గడ్డికి అందకుండానే కాలవలోకి, అక్కణ్నించి చెరువులోకో సముద్రంలోకో పోతుంది. నీళ్లలో నాచు దాన్ని తిని బలుస్తుంది. ఇది చూసి 2007లో సరసోటా కౌంటీ, 2010లో పినెలస్ కౌంటీ ఒక రూలు పెట్టాయి: జూన్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా లాన్‌కి నత్రజని వేయకూడదు, భాస్వరం వేయకూడదు. పినెలస్ వాళ్లయితే ఆ నాలుగు నెలలూ షాపుల్లో అమ్మకూడదని కూడా అన్నారు. గడ్డి పచ్చగా కనబడకపోతే ప్రాణం పోయేవాళ్లు ఇనుము వేసుకోవచ్చట. దాంతో రంగు వస్తుంది, ఏపుగా మాత్రం పెరగదు.

వాన పడే ముందు ఎరువు వేయకు, కొట్టుకుపోతుంది. ఇదీ ఆ రూలు సారాంశం. మన దగ్గర ఏ రైతునడిగినా ఈ మాటే చెబుతాడు, ఫీజు కూడా తీసుకోడు. అందుకే దీనికి శాస్త్రీయత లేదని ఎరువుల పరిశ్రమవాళ్లు కనిపెట్టారు. రైతుకి తెలిసిన విషయం శాస్త్రం ఎలా అవుతుంది?

రాష్ట్రం ఏమీ చేయలేదనుకునేరు. 2009లోనే ఒక చట్టం చేసి, కౌంటీలకి నమూనా నిబంధనలు రాసిచ్చింది. తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు చల్లకూడదు. చెరువుకి 10 అడుగుల లోపు చల్లకూడదు, చల్లే బండికి పక్కన రేకు అడ్డం ఉంటే మాత్రం 3 అడుగుల దాకా పోవచ్చు. ఇంతకన్నా కఠినంగా ఉండాలనుకునే కౌంటీలు శాస్త్రీయ కారణం చూపించాలి. ఏ కారణమూ చూపించకుండా మెతగ్గా ఉండే సౌకర్యం కూడా ఇచ్చారు, ఆ నమూనాని యథాతథంగా దించుకుంటే సరి.

రాష్ట్రం వాదనలోని అసలైన అందం 2010లో బయటపడింది. వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏ, ఫ్లోరిడా నదుల్లో చెరువుల్లో నత్రజని, భాస్వరం ఇంతకు మించకూడదని అంకెల్లో హద్దులు పెట్టబోయింది. రాష్ట్రం కోర్టుకెక్కింది. మా నీళ్ల సంగతి మాకు తెలుసు, ఎక్కడో కూర్చున్నవాళ్ల పెత్తనమేమిటి అన్నది దాని గోడు. న్యాయమైన గోడే. సరిగ్గా ఆ మరుసటి ఏడాది టలహాసీ తన కౌంటీల వైపు తిరిగి, ఎరువుల అమ్మకం మీద రూళ్లు చేసే అధికారం ఇక పూర్తిగా మాదే, అంతకుముందు చేసుకున్నవాళ్లకి మాత్రం మినహాయింపు అంది. మన మీదికి వస్తే పెత్తనం, మన నుంచి కిందికి దిగితే పరిపాలన. ఈ సున్నితమైన తేడా పట్టుకోలేనివాళ్లు దీన్ని రెండు నాల్కల ధోరణి అంటారు. అననివ్వండి.

ఇంతకీ, ఊళ్లకి స్వపరిపాలన ఇచ్చింది 1968 నాటి ఫ్లోరిడా రాజ్యాంగమే. రాష్ట్ర చట్టానికి విరుద్ధం కానంతవరకు ఏమైనా చేసుకోవచ్చంది. విరుద్ధమయ్యే చట్టం ఎప్పుడు చేయాలన్నది రాష్ట్రం ఇష్టం. ఊళ్లు రూలు చేసుకున్నాకే ఆ చట్టం వస్తుండటం కేవలం యాదృచ్ఛికం.

2023కి వద్దాం. ఆ ఏడాది బడ్జెట్‌తో పాటు నడిచిన బిల్లులో ఒక బుల్లి సెక్షన్ దూరింది. ఏ కౌంటీ, ఏ ఊరూ ఒక ఏడాది పాటు ఎరువుల మీద కొత్తగా సీజన్ నిషేధం పెట్టకూడదు, ఉన్నదాన్ని మార్చకూడదు. ఈలోగా అసలు ఈ నిషేధాల వల్ల ప్రయోజనం ఉందా లేదా తేల్చడానికి యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడాకి 2,50,000 డాలర్లు. గవర్నర్ రాన్ డిశాంటిస్ సంతకం పెట్టారు.

ఇక్కడ కొందరు అమాయకులు, అనుమానం ఉంటే తేలేదాకా ఎరువు ఆపాలి కదా అన్నారు. కాదు. అనుమానం ఉంటే తేలేదాకా ఆపడాన్ని ఆపాలి. నాచు సంగతా? దానికి ఏ నివేదికా చదివే అలవాటు లేదు కాబట్టి దాని పని అది చేసుకుపోతుంది.

అధ్యయనం అంటే నాకు మొదటినుంచీ గౌరవం. ఫ్లోరిడాకి అందులో అనుభవం కూడా ఉంది. 2008లో ప్లాస్టిక్ సంచుల మీద సరిగ్గా ఇలాగే ఒక చట్టం చేశారు. పర్యావరణ శాఖ అధ్యయనం చేసి నివేదిక ఇవ్వాలి, దాని సిఫార్సులని శాసనసభ ఆమోదించాలి, అందాకా ఏ ఊరూ క్యారీబ్యాగుల జోలికి పోకూడదు. శాఖవాళ్లు బుద్ధిగా 2010లో నివేదిక ఇచ్చారు. శాసనసభ దాన్ని ఆమోదించనూ లేదు, కాదననూ లేదు. "అందాకా" అలాగే నిలబడిపోయింది. అంత మన్నిక ఆ సంచులకి కూడా ఉందో లేదో.

కీ వెస్ట్ అని దక్షిణం కొసన ఒక చిన్న దీవి ఊరుంది. పగడపు దిబ్బలకి హాని అని 2019లో కొన్ని రకాల సన్‌స్క్రీన్ అమ్మకాన్ని నిషేధించింది. అది అమల్లోకి రాకముందే, 2020లో, రాష్ట్రం కొట్టేసింది. అదే ఏడాది నవంబర్‌లో పెద్ద క్రూజ్ ఓడలు మా రేవుకి రాకూడదని ఊరి జనం ఓటేసి గెలిపించుకున్నారు. 2021లో ఆ ఓటు చెల్లదని చట్టం వచ్చింది. ఆ ఊరివాళ్లు ఇంకా ఎన్నికలు పెట్టుకుంటున్నారంటే వాళ్ల ఓపికకి మెచ్చుకోవాలి.

రాష్ట్రం అడ్డుపడితే ప్రతిసారీ చెడే జరుగుతుందని మాత్రం నేననను. 2019లో, ఇళ్ల ముందు కూరగాయలు పెంచుకోవడాన్ని ఊళ్లు నిషేధించకూడదని చట్టం చేశారు. బెండ, వంగ, గోంగూర అన్నిటికీ స్వాతంత్ర్యం. మన టాంపా తెలుగువాళ్లు పండగ చేసుకోబోయి చట్టం మిగతా భాగం చదివారు. కాలనీ సంఘాలకి అది వర్తించదు. కాబట్టి గోంగూర వెనక పెరట్లోనే, ముందు మాత్రం సెయింట్ అగస్టీన్ గడ్డి. అది కాస్త పసుపు తిరిగిందా, ఉత్తరం వస్తుంది. ఊరు ఎరువు వేయొద్దంటే అది స్వేచ్ఛకి భంగం. కాలనీ సంఘం గడ్డి పచ్చగా లేకపోతే జరిమానా అంటే అది ఒప్పందం. నేను సంతకం పెట్టాను కదా, చదవకుండా.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాన్నకి ఇదంతా వివరించబోయాను. 2025 వానాకాలం అది. తెలంగాణలో యూరియా కొరత, సొసైటీ గోదాముల ముందు తెల్లవారక ముందు నుంచే క్యూలు. మనుషులు నిలబడలేక చెప్పులు, పాస్‌పుస్తకాలు వరసలో పెట్టిన రోజులు. ఆయన అంతా విని, "ఆ గడ్డి బర్లకేస్తారారా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి కోసి ఏం చేస్తారు?" సంచుల్లో కట్టి రోడ్డు పక్కన పెడితే బండొచ్చి తీసుకుపోతుందన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒంట్లో బాగానే ఉంటోందా అని నన్నడిగాడు.

మా పక్షం దగ్గర నిజంగానే ఒక గట్టి మాట ఉంది. ఫ్లోరిడా నీళ్లని పాడుచేసేది ఇంటి గడ్డి ఒక్కటే కాదు. పొలాలున్నాయి, పశువులున్నాయి, సెప్టిక్ ట్యాంకులున్నాయి. పొలాలకైతే లాన్ రూళ్ల నుంచి మినహాయింపే ఉంది. 2021లో పైనీ పాయింట్ అనే పాత ఎరువుల ఫ్యాక్టరీ వ్యర్థజలాల చెరువు గట్టు తెగేలా ఉందని 21.5 కోట్ల గ్యాలన్ల నీళ్లు టాంపా బే దిక్కు వదిలారు, అదీ రాష్ట్రం అనుమతితోనే. అంత నత్రజని ముందు నా గుప్పెడెంత? లాన్‌వాడు పొలంవైపు చూపిస్తాడు, పొలంవాడు సెప్టిక్ ట్యాంకు వైపు, ట్యాంకువాడు ఫ్యాక్టరీ వైపు. రెడ్ టైడ్ వస్తే, అంటే సముద్రంలో విషపు నాచు విపరీతంగా పెరిగి చేపలు చస్తే, అందరూ కలిసి సముద్రం వైపు చూపిస్తారు. అది పుట్టేది తీరానికి దూరంగానే, నిజమే. ఒడ్డుకొచ్చాక దానికి మేత ఎక్కడ దొరుకుతుందన్నది మర్యాదస్తులు అడగరు. 2018లో ఒక్క పినెలస్ కౌంటీయే వెయ్యి టన్నులకు పైగా చచ్చిన చేపలని ఎత్తిపోసింది. ఎత్తిపోయడం పూర్తిగా స్థానిక సంస్థల పరిధిలోని విషయం. అందులో రాష్ట్రం ఎన్నడూ వాటా అడగలేదు, ఆ అధికారాన్ని లాక్కునే బిల్లు ఏదీ రాలేదు.

తూర్పు తీరంలో కథ ఇంకా ముచ్చటైనది. ఇండియన్ రివర్ లగూన్ అని పొడవాటి ఉప్పునీటి కయ్య. నీళ్లలోకి పోషకాలు చేరి, నాచు పెరిగి, వెలుతురు ఆగిపోయి, అడుగున ఉండే సముద్రగడ్డి చాలావరకు చచ్చిపోయింది. దాన్ని మేసి బతికే మనాటీలు, అదే సముద్రపు ఆవులు, ఆకలితో మలమల మాడాయి. 2021లో రాష్ట్రంలో 1,100 దాకా చచ్చిపోయాయి. చూడలేక అధికారులు ఆ చలికాలం ఒక కరెంటు ప్లాంటు పక్కన వాటికి లెట్యూస్ ఆకు వేయడం మొదలుపెట్టారు. మొత్తం 2 లక్షల పౌండ్లు దాటింది. విరాళాలు వచ్చాయిలెండి. ఎవరూ తినని గడ్డికి ఎరువూ, తినే గడ్డి పోయిన జీవికి కొన్న ఆకూ. వ్యవసాయ ప్రణాళిక అంటే ఇదీ. లెట్యూస్ పనిచేస్తుందా లేదా తేలేదాకా వేయకూడదని ఎవరూ పట్టుబట్టకపోవడం ఒక్కటే నాకు వెలితిగా అనిపించింది.

ఆ కయ్య ఒడ్డున బ్రెవర్డ్ అనే కౌంటీ ఉంది. 2016లో అక్కడి జనం తమ మీద తామే పన్ను వేసుకోవాలని ఓటేశారు. కొనే ప్రతి డాలర్ మీదా అర సెంటు, పదేళ్ల పాటు. ఆ డబ్బుతో కయ్య అడుగున పేరుకున్న బురద తవ్వడం, సెప్టిక్ ట్యాంకులు మార్చడం, కాలవల్లోంచి వచ్చే నీళ్లు శుభ్రం చేయడం. ఆ పన్ను వల్ల ప్రయోజనం ఉందో లేదో అధ్యయనం తేల్చేదాకా కట్టొద్దని టలహాసీ వాళ్లకి చెప్పలేదు. స్థానిక స్వపరిపాలన మీద రాష్ట్రానికి ఆ మాత్రం గౌరవం ఉంది.