ఐదో వచనంతో వచ్చిన చిక్కు

మా చర్చి సంఘానికి నేను పదకొండేళ్ళుగా ట్రెజరర్ని. ఆ అనుభవంతో, పూర్తి బాధ్యతతో చెబుతున్నాను: బైబిల్లో మలాకీ గ్రంథం మూడో అధ్యాయాన్ని పదో వచనం నుంచే చదవాలి. దానికి పైన చదవడం సంఘ క్షేమానికి మంచిది కాదు.

ప్రతి నెలా మొదటి ఆదివారం కానుక పట్టే ముందు మేము చదివేది ఆ పదో వచనమే. రాబడిలో పదియవ భాగమంతా మందిరపు నిధిలోకి తెమ్మన్న మాట. మా పుల్పిట్ మీద బైబిల్ ఎంత అలవాటుపడిందంటే, ముట్టుకుంటే చాలు, ఆ పేజీయే తెరుచుకుంటుంది. పోయిన నెల చదివే వంతు ఇంజినీరింగ్ కుర్రాడొకడికి వచ్చింది. ముందూ వెనకా తెలియాలి కదా అనుకున్నాడట, ఐదో వచనం నుంచి ఎత్తుకున్నాడు.

అందులో దేవుడు తీర్పు తీర్చడానికి వస్తానంటాడు. ఎవరి మీదికి? చిల్లంగివాళ్ళ మీదికి, వ్యభిచారుల మీదికి, అబద్ధ ప్రమాణాలు చేసేవాళ్ళ మీదికి. ఇంతవరకూ అందరం గట్టిగా ఆమేన్ అన్నాం. అదే వరసలో కూలివాళ్ళను కూలి దగ్గర బాధపెట్టేవాళ్ళు, విధవరాళ్ళనూ తండ్రిలేని పిల్లలనూ పీడించేవాళ్ళు, పరదేశికి అన్యాయం చేసేవాళ్ళు కూడా ఉన్నారు. అక్కడికొచ్చేసరికి ఆమేన్ పలచబడింది. కమిటీ సభ్యులు నలుగురు ఒకేసారి ఫోన్లు చూసుకున్నారు.

దాపరికం దేనికి, గుడి ఊడ్చే పెద్దమ్మకు రెండు నెలల జీతం బాకీ ఉన్నాం. అది నిర్లక్ష్యం కాదు. ఎల్‌ఈడీ తెరకు రెండో వాయిదా కట్టాల్సి వచ్చింది. తెరవాడు ఆగడు, పెద్దమ్మ ఆగుతుంది. దీర్ఘశాంతం ఆత్మఫలమని గలతీ పత్రికలో ఉంది. ఆ ఫలం ఆమెలో పండడానికి మావంతు సాయం చేశాం. ఏనాటి కూలి ఆనాడే, పొద్దు గుంకకముందే ఇమ్మని ద్వితీయోపదేశకాండం 24లో ఉన్నమాట నిజమే. నెలజీతాలకు పొద్దుతో సంబంధం లేదని కమిటీ అభిప్రాయం.

ఆ రాత్రే అత్యవసర సమావేశం పెట్టాం. కుర్రాణ్ణి మందలిద్దామని పిలిస్తే, వాడు బైబిల్ పట్టుకునే వచ్చాడు. మూడేళ్ళకోసారి ఆ యేటి పదోవంతును ఊళ్ళోనే ఉంచి మందిర సేవ చేసే లేవీయులూ, పరదేశులూ, తండ్రిలేనివాళ్ళూ, విధవరాళ్ళూ తృప్తిగా తినాలని అదే కాండం 14వ అధ్యాయంలో ఉందట. మేము రిజిస్టర్లు తిరగేశాం. మా సంఘంలో మూడో ఏడు ఇంతవరకూ రాలేదు. మొదటి ఏడు పునాది, రెండో ఏడు స్లాబు, ఆ తర్వాత ఏసీ హాలుకు మళ్ళీ మొదటి ఏడు.

పొలం అంచులు కోయొద్దు, పరిగె ఏరుకోవద్దు, పేదలకు వదిలెయ్యమని లేవీయకాండం చెబుతుందన్నాడు. మాకు పొలం లేదు. అంచులున్నాయి, మెయిన్ రోడ్డు వైపు. వాటి మీద ఎనిమిది షట్టర్లు వేసి అద్దెకిచ్చాం.

వాడు అంతటితో ఆగలేదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి ఇప్పించాడనీ, గంజి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆ పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపాడనీ మాకే చెప్పాడు. మాకు తెలియదా! 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఆ అంకె మా జూబిలీ సావనీరు అట్టమీదే వేశాం. కాలవ సంగతికే చోటు చాలలేదు, ప్రకటనలు ఎక్కువొచ్చాయి.

పేదలంటే మాకు పట్టదని ఎవరూ అనుకోవద్దు. మొన్న కోత పండుగకు పెద్దమ్మ తన పాకమీద కాసిన సొరకాయ తెచ్చింది. వేలంలో బిల్డరు గారు దాన్ని మూడు వేలకు పాడారు. చప్పట్లు మోగిపోయాయి. సొరకాయ పట్టుకుని బిల్డరు గారు, శాలువా పట్టుకుని పాస్టరు గారు ఫోటో దిగారు. పెద్దమ్మ ఫోటోలో లేదు, అప్పటికి ప్రేమవిందు ఎంగిలాకులు ఎత్తుతోంది. ఆ రోజు ప్రసంగం మార్కు సువార్త 12లో రెండు కాసులు వేసిన విధవరాలి గురించే. కుర్రాడు దానికి రెండు వచనాల పైన వేలు పెట్టి చూపించాడు. విధవరాళ్ళ ఇళ్ళు దిగమింగే శాస్త్రులను, అంటే ధర్మశాస్త్రం బోధించే పండితులను, యేసు తిట్టింది అక్కడే. ఈ బైబిల్‌తో వచ్చిన ఇబ్బందే ఇది. మనకు కావలసిన వచనానికి సరిగ్గా పైన ఇంకోటి కూర్చుని ఉంటుంది.

చివరికి పదో వచనం ఒక్కటే ఫ్లెక్సీ మీద కొట్టించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. కుర్రాణ్ణి పార్కింగ్ పరిచర్యకు మార్చాం. ఈ నెల వాక్యం నేనే చదివాను. ఆరాధన అయ్యాక పెద్దమ్మ చీపురుతో వచ్చి నిలబడింది. ఆమెకు చదువు రాదు.

"అయ్యా, పోయిన నెల దేవుడు కూలి గురించి ఏదో అన్నాడని చదివారు గదా. ఈసారి చదవలేదేం?"

"అది వేరే భాగం పెద్దమ్మా."

"మళ్ళీ ఎప్పుడొచ్చిద్దయ్యా?"

రిజిస్టర్ చూసి చెబుతానన్నాను.