‘ఫుల్‌టైమ్ వాళ్లకే’ అన్న నియమం తీసేయండి

మొన్న మన తెలుగు సంఘం ఉగాది సభలో బ్రిటన్‌లో పరిశోధన చేస్తున్న మన పిల్లలను వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పారు. మంచి పనే. అయితే జాబితా రాసేటప్పుడు ‘ఫుల్‌టైమ్ వాళ్లకే’ అని నియమం పెట్టారు. దాంతో పార్ట్‌టైమ్‌లో ఉన్నవాళ్లు, రైటింగ్ అప్‌లో (పరిశోధన ముగించి థీసిస్ రాసే దశలో) ఉన్నవాళ్లు, ఇంటరప్షన్ (చదువుకి అధికారికంగా విరామం) తీసుకున్నవాళ్లు కిందే ఉండిపోయారు. “మీ అమ్మాయి మానేసిందటగా వదినా?” అని వెనక వరసలోంచి ఒకావిడ అడిగింది. ఆ అమ్మాయి థీసిస్ చివరి అధ్యాయం రాస్తోంది. తల్లి జవాబు చెప్పలేక చేతిలో ఉన్న ఉగాది పచ్చడి గ్లాసు వైపు చూస్తూ కూర్చుంది.

పీహెచ్‌డీ కోసం చేరినవాళ్లను చాలా యూనివర్సిటీల్లో మొదట ఎంఫిల్ కింద నమోదు చేస్తారు. ఏడాదికో ఏడాదిన్నరకో ఒక నివేదిక, చిన్న వైవా (మౌఖిక పరీక్ష) చూసి పీహెచ్‌డీకి మారుస్తారు. ఫుల్‌టైమ్‌కి ఫీజు సాధారణంగా మూడేళ్లు, థీసిస్ ఇచ్చే గడువు నాలుగేళ్లు. పార్ట్‌టైమ్‌కి దాదాపు రెట్టింపు. ఐఎల్ఆర్ (బ్రిటన్‌లో శాశ్వత నివాస అనుమతి) వచ్చినవాళ్లు ఉద్యోగం చేసుకుంటూ హాయిగా పార్ట్‌టైమ్‌లో చేరవచ్చు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ల సంగతి వేరు. పార్ట్‌టైమ్ అయితే వారానికి 20 గంటల పని అనుమతి ఉండదు, భార్యాబిడ్డల్ని తెచ్చుకునే వీలూ ఉండదు. అసలు చాలా యూనివర్సిటీలు వీసా పిల్లలు పార్ట్‌టైమ్‌కి మారడానికే ఒప్పుకోవు.

ఎక్కువ మంది దెబ్బతినేది ఇంటరప్షన్ దగ్గర. ఊళ్లో నాన్నకి ఒంట్లో బాగాలేదని ఫోన్ వస్తుంది, పిల్లాడు ఆ రాత్రే విమానం ఎక్కేస్తాడు, విరామం ఫారం సంగతి తర్వాత చూద్దామనుకుంటాడు. వెనకటి తేదీలతో అడిగితే చాలాచోట్ల ఒప్పుకోరు. విరామం 60 రోజులు దాటితే యూనివర్సిటీ సాధారణంగా వీసాకి తానిచ్చే స్పాన్సర్‌షిప్ ఆపేసి, వీసాలు చూసే ప్రభుత్వ శాఖ అయిన హోం ఆఫీసుకి తెలియజేస్తుంది, వీసా కుదించేస్తారు. మళ్లీ చేరాలంటే కొత్త క్యాస్ (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ప్రవేశ ధ్రువీకరణ), కొత్త వీసా కావాలి. సైన్సు, ఇంజనీరింగ్ సబ్జెక్టుల్లో చాలావాటికి ఏటీఏఎస్ సర్టిఫికెట్ (సున్నితమైన సాంకేతిక విషయాలు చదవడానికి బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే అనుమతి) కూడా కొత్తది కావాలి, దానికే వారాలు పడుతుంది. అందుకే టికెట్ కొనకముందే సూపర్‌వైజర్‌కీ, యూనివర్సిటీ వీసా విభాగానికీ మెయిల్ పెట్టాలి. 60 రోజుల లోపు సెలవుతో సరిపోతుందేమో ముందు అడగాలి. పరిశోధనలో భాగంగా ఊళ్లో ఫీల్డ్‌వర్క్ ఉంటే అది విరామం కిందికి రాదు, ముందస్తు అనుమతి ఉంటే చాలు.

రైటింగ్ అప్‌లో ఫీజు బాగా తగ్గుతుంది కాబట్టి అందరూ సంతోషిస్తారు. వీసా లెక్క మాత్రం అక్కడే తప్పుతుంది. థీసిస్ ఇచ్చాక వైవాకి నెలలు పడుతుంది, ఆపైన కరెక్షన్లుంటాయి. చదువయ్యాక ఇక్కడే పని చేసుకోవడానికి పీహెచ్‌డీ చేసినవాళ్లకి మూడేళ్లిచ్చే గ్రాడ్యుయేట్ వీసాకి దరఖాస్తు పెట్టాలంటే, కోర్సు పూర్తయిందని యూనివర్సిటీ హోం ఆఫీసుకి తెలిపి ఉండాలి, ఆ రోజుకి స్టూడెంట్ వీసా బతికి ఉండాలి. వీసా చివరి నెలలో థీసిస్ ఇచ్చినవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. ఆ పరిస్థితి కనబడితే గడువు ముగియకముందే కొత్త క్యాస్ అడిగి వీసా పొడిగించుకోవాలి. ఆ పొడిగింపుకి కట్టాల్సిన హెల్త్ సర్‌ఛార్జి (ప్రభుత్వ వైద్యసేవల రుసుము) ఏడాదికి 776 పౌండ్లు. ఏడాదికి పైగా ఇక్కడే వీసా మీద ఉంటే బ్యాంకు నిల్వ చూపనక్కర్లేదు. ఇంకొకటి: కొన్ని స్థానిక కౌన్సిళ్లు రైటింగ్ అప్ పిల్లల్ని ఫుల్‌టైమ్ విద్యార్థులుగా లెక్కించక కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి పన్ను) బిల్లు పంపేస్తాయి. ‘ఫుల్‌టైమ్’ అన్న మాట స్పష్టంగా ఉండే లేఖ యూనివర్సిటీ నుంచి తీసుకుని ఉంచుకోవాలి.

సంఘం కార్యవర్గం ఇబ్బంది కూడా అర్థమవుతుంది. ఎవరు నిజంగా చదువుతున్నారో తేల్చుకోవాలి, హాలు సమయం తక్కువ. “ఎప్పుడవుతుందమ్మా?” అని పెద్దలడిగేది ప్రేమతోనే. కానీ పరువు పోతుందన్న భయంతో ఈ పిల్లలు విరామం సంగతి ఇంట్లో చెప్పరు, మన దగ్గరా దాస్తారు. సాయం చేయగలిగిన రోజులు అలా గడిచిపోతాయి. నమోదు పత్రం పార్ట్‌టైమ్ వాళ్లకీ, రైటింగ్ అప్ వాళ్లకీ కూడా యూనివర్సిటీ ఇస్తుంది. అది చూసి పేరు రాసుకోండి. విరామంలో ఉన్నవాళ్ల మాట వాళ్లు చెబితే నమ్మండి. దీపావళి సభలో నమోదు బల్ల పక్కన వైవా పూర్తి చేసిన ఇద్దరిని కూర్చోబెట్టండి. విరామం ఫారం మీద సంతకం పెట్టకముందే పిల్లలు వాళ్ల దగ్గరికి రావాలి, వచ్చినవాళ్లను ఎందుకు ఆగిందని ఎవరూ అడగకూడదు.